‘మీరు’ అన్న మాట

యేసయ్యది మిర్యాలగూడ రైస్‌మిల్లులో బస్తాలు మోసే పని. పన్నెండేళ్లుగా మోస్తున్నాడు, నడుము ఇంకా నిలబడే ఉంది. నిలబడనిది కాపురం. భార్య మంజుల రెండేళ్ల కిందట కూతురు కెజియను తీసుకుని కోదాడలో అన్న రాజ్‌కుమార్ ఇంటికి వెళ్లిపోయింది. తప్పు ఎవరిదంటే ఇద్దరిదీ. ఇతను తాగేవాడు, ఆమె ఒక్క మాట అంటే పది రోజులు గుచ్చుకునేది. ఇప్పుడు మందు మానేశాడు కానీ, ఆ కబురు కోదాడ దాకా చేరలేదు.

నెలకు రెండు శనివారాలు సూర్యాపేట కోర్టులో పాపను గంటసేపు చూడొచ్చని ఆర్డరు వచ్చింది. ఏడాదిలో ఆ గంట దక్కింది నాలుగుసార్లే. ఒకసారి జ్వరం, ఒకసారి పరీక్షలు, ఒకసారి బస్సు దొరకలేదు. బస్సులు దొరకని ఊరేం కాదు కోదాడ. అయినా యేసయ్య ఆ శనివారాలన్నీ వెళ్లి కూర్చునేవాడు.

అయిదోసారి పాప వచ్చింది. ఎనిమిదేళ్ల పిల్ల, చేతులు కట్టుకుని, “మీరు బాగున్నారా?” అని అడిగింది. యేసయ్య పొంగిపోయాడు. సోమవారం మిల్లులో అందరికీ చెప్పుకున్నాడు. “మా బిడ్డకు ఎంత మర్యాద వచ్చిందో! నన్ను ‘మీరు’ అంటున్నది!”

వడ్లు ఊడ్చే గౌరీబాయి చీపురు ఆపింది. “జర సోయితోని మాట్లాడు యేసయ్యా. కన్నతండ్రిని ఎవరన్న ‘మీరు’ అంటరా? ఆ పోరి నిన్ను బయటోణ్ణి చేసింది.”

అతను నవ్వబోయాడు, నవ్వు రాలేదు. నిజమే. కోర్టు గేటు దగ్గర వాచ్‌మన్‌ను కూడా ‘మీరు’ అంది. రాజ్‌కుమార్ పిలిస్తే మాత్రం, “నువ్వాగు మామయ్యా” అంది. ఒకప్పుడు తన భుజాలెక్కి జుట్టు పట్టుకుని, “బాపూ, నువ్వు ఉరుకు!” అని అదిలించిన పిల్ల. ఆ ‘నువ్వు’ మళ్లీ వింటానా అని మొదటిసారి భయమేసింది.

మరుసటి నెల పాప పుట్టినరోజు. గౌను కొన్నాడు. పొడవైందని గౌరీబాయి అంచు మడిచి కుట్టింది. ఊరుకోక, లంబాడీ తండాలో అద్దాలు కుట్టి అలవాటైన చెయ్యి కదా, దిష్టి తగలకుండా లోపలి మడతలో చిన్న అద్దం బిళ్ల కూడా కుట్టింది.

“మేం చర్చికి పోయేటోళ్లం అక్కా,” అన్నాడు యేసయ్య.

“అయితేంది? అద్దానికి మతం ఉంటదా?” అంది.

పుట్టినరోజు నాడు కోదాడ వెళ్తే రాజ్‌కుమార్ గేటుకు అడ్డంగా నిలబడి, “పాప ఊళ్లో లేదు,” అన్నాడు. లోపలినుంచి పాప గొంతు వినిపిస్తూనే ఉంది. అరిస్తే తాగొచ్చాడంటారు. గౌను సంచి చేతికిచ్చి బస్సెక్కాడు.

ఆ శనివారం కోర్టుకు పాప అదే గౌను వేసుకుని వచ్చింది.

“గౌను ఎవరు తెచ్చిన్రు బిడ్డా?”

“మామయ్య. మీరు నా పుట్టినరోజుకు రాలేదు. మీకు నేను అక్కర్లేదంట.”

యేసయ్యకు నోటి నిండా బూతులు వచ్చాయి. కానీ కోర్టులో కౌన్సెలర్ మేడం మొదటిరోజే చెప్పింది: “నిన్ను చూడటం పాప హక్కు. ఈ గంట నీ కోపం తీర్చుకోవడానికి కాదు.” వచ్చిన తిట్లన్నీ మింగేశాడు.

“అంచు తిరగేసి సూడు. లోపల అద్దం ఉంటది. నేను ఆ గౌను మీ గేటు కాడికి తెచ్చేముందు మా మిల్లుల గౌరీబాయక్క కుట్టింది.”

పాప తిరగేసింది. అద్దాన్ని వేలితో తడిమింది. తల ఎత్తేసరికి మొహం ఎర్రబడింది.

“అయితే వచ్చావా? మరి లోపలికెందుకు రాలేదు నువ్వు? నేను ఇంట్లోనే ఉన్నా కదా! గట్టిగా పిలవాలి కదా నువ్వు!” అంటూ పిడికిలితో అతని మోకాలి మీద గుద్దింది.

“తప్పు నాదే బిడ్డా. ఈసారి వాడంతా వినపడేటట్టు పిలుస్త.”

సోమవారం అతను మిల్లులో ఎవరికీ ఏమీ చెప్పలేదు. గౌరీబాయే దగ్గరికొచ్చి అడిగింది. “ఏమాయె? మంచిగ మాట్లాడిందా?”

“లేదక్కా. కసిరింది. గుద్దింది కూడ.” కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. “‘నువ్వు’ అన్నదక్కా. రెండుసార్లు అన్నది.”