మునేరు నీళ్ళ కేన్లు

దారి తప్పాడంటే డ్రైవరుని చూసి నవ్వుకుంటారు. ఎవరినో గుద్దాడంటే అవతలివాడిదే తప్పేమో అని సర్దిచెబుతారు. కానీ నీళ్ళు చూసుకోకుండా ఇంజను కాల్చాడన్న పేరొస్తే, ఆ మనిషి చేతికి ఇంకెవరూ తాళం ఇవ్వరు. సరిగ్గా ఆ మాటనే బండి యజమాని భవానీప్రసాద్ తన పప్పుల కొట్లో, పదిమంది ముందు, డ్రైవరు ప్రేమదాసు మొహాన కొట్టాడు. అదీ పదకొండేళ్ళు ఆ బండిని సొంత బిడ్డలా సాకినవాడి మొహాన!

బండి సంగతి చెప్పాలి. తొంభైనాలుగులో కొన్నప్పుడు అది జగ్గయ్యపేటకే పెళ్ళికూతురు. డ్రైవరు కాక తొమ్మిదిమంది కూర్చునే డీజిల్ బండి. హారన్ కొడితే బజారంతా తిరిగి చూసేది. రెండువేల అయిదు వచ్చేసరికి దానికి లేని రోగం లేదు. ఎడమ వెనక తలుపు బయటినుంచే తెరుచుకునేది. స్టీరింగు పావుచుట్టు తిప్పితే గాని చక్రాలకి కబురందేది కాదు. స్ప్రింగు పట్టీలు అణిగిపోయి వెనకభాగం కూలబడింది. ఇంజను వేడి చూపించే ముల్లు మూడేళ్ళుగా ఒకేచోట నిద్రపోతోంది. మార్పిద్దామండీ అని అడిగినప్పుడల్లా, "బండి నడుస్తోందా లేదా?" అనేవాడు భవానీప్రసాద్. నడుస్తోంది మరి! ఎవడు నడిపిస్తే నడుస్తోందో ఆయనకెందుకు?

ముల్లు లేకపోయినా ఇంజను చల్లగా ఉండటానికి ప్రేమదాసు దగ్గర ఒక ఉపాయం ఉంది. ఆ ఊరి బోరు నీళ్ళు ఉత్త సున్నం. నేలలో ఉన్నదే సున్నపురాయి. నీళ్ళు కాచిన గిన్నెకి నెల తిరిగేసరికి తెల్లటి పెచ్చు కడుతుంది. అందుకని విజయవాడ వెళ్ళినప్పుడల్లా కీసర దగ్గర ఆగి, మునేట్లోకి దిగి, రెండు కేన్ల నిండా ఏటినీళ్ళు తెచ్చుకునేవాడు. రేడియేటరుకి అవే పోసేవాడు. పదేళ్ళు ఇంజను కిక్కురుమనలేదు.

రెండువేల నాలుగు దసరాల్లో ఒక కేను మూత వదులై, వెనక పెట్టిన చీరల పెట్టె తడిసింది. భవానీప్రసాద్ ఇంతెత్తున లేచాడు.

"ఇంట్లో బోరుండగా ఏటికి పోయి నీళ్ళు మొయ్యడమేంటయ్యా? అవతల పారెయ్ ఆ కేన్లు!"

"మన బోరు నీళ్ళు ఇంజనుకి పడవండీ. లోపల సున్నం కట్టేస్తది," అన్నాడు ప్రేమదాసు.

"ఇంజనుకి రుచులు కూడానా!" అన్నాడు భవానీప్రసాద్. కొట్లో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. ఆ నవ్వినవాళ్ళందరూ తాగుతున్న టీ ఏ నీళ్ళతో కాచిందనుకున్నారు? కొట్లో మూలన పెట్టిన, కొని తెప్పించిన ఫిల్టరు నీళ్ళతో! మనుషులకి పనికిరాని నీళ్ళు బండికి పనికొస్తాయట. ప్రేమదాసు మరో రెండుసార్లు చెప్పి చూశాడు. వినేవాడు ఉంటేగా. భవానీప్రసాద్ కేన్లు రెండూ పారేయించాడు, ఆనాటినుంచి రేడియేటరుకి బోరు నీళ్ళే.

ఆ వచ్చిన మే నెలలో భవానీప్రసాద్‌ని ఎక్కించుకుని విజయవాడ బయల్దేరాడు. పొద్దున్నే రేడియేటరు మూత తీసి చూశాడు, నీళ్ళు అంచుదాకా ఉన్నాయి. కంచికచర్ల దాటేసరికి ముందునుంచి ఆవిరి బుస్సుమంది, ఇంజను ఆగిపోయింది. బండిని తాళ్ళు కట్టి నందిగామ లాక్కెళ్ళారు. వేడికి ఇంజను పైనుండే హెడ్డు పోయిందన్నారు.

మర్నాడు కొట్లో భవానీప్రసాద్ నోరు పారేసుకున్నాడు.

"కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావ్? నీళ్ళు చూసుకోని నువ్వేం డ్రైవరువయ్యా? రిపేరు ఖర్చులో సగం నీ జీతంలో కోస్తా!"

జీతం సంగతి ప్రేమదాసు చెవికెక్కనేలేదు. ఆ మొదటి మాటకే నిలువునా నీరైపోయాడు. సాయంత్రానికి మాట కార్ల స్టాండుకి చేరింది. అక్కడ అద్దె కారు నడిపే బుల్లిబాబు, "ఏం దాసన్నా, నీళ్ళు మర్చిపోయావంటగా?" అని పళ్ళికిలించాడు. ఇంటికొస్తే భార్య జయమణి అన్నం పెట్టింది గాని, ప్రేమదాసు చెయ్యి పెట్టలేదు.

"నిజంగానే చూసుకోలేదా ఏంటి?" అని మెల్లిగా అడిగింది.

"నువ్వు కూడానా!" అని కంచం ముందునుంచి లేచిపోయాడు. పెళ్ళాం కూడా అడిగిందంటే ఇంక ఊళ్ళో ఎవరు నమ్ముతారు? ఒళ్ళు మండిపోయింది.

తెల్లారి మొదటి బస్సుకే నందిగామ వెళ్ళాడు. రేడియేటర్లు బాగుచేసే కనకయ్య దగ్గర కూర్చుని, తన కళ్ళముందే విప్పమన్నాడు. కనకయ్య పైభాగం ఊడదీసి లోపలికి చూసి, "ఓర్నాయనో!" అన్నాడు. సన్నటి గొట్టాలు సగానికి పైగా మూసుకుపోయాయి. సుత్తితో అంచుమీద తడితే తెల్లటి పెచ్చులు బొలబొలా రాలాయి.

"ఇందులో నీళ్ళు నిండా ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. తిరగడానికి దారేదయ్యా? బోరు నీళ్ళు పోశారా?"

"పోయించారు," అన్నాడు ప్రేమదాసు. ఆ పెచ్చుల్ని ఖాళీ బిస్కెట్ల డబ్బాలోకి ఎత్తుకున్నాడు.

వారానికి బండి బాగై వచ్చింది. ప్రేమదాసు దాన్ని కొట్టు ముందు ఆపి, లోపలికెళ్ళి డబ్బా భవానీప్రసాద్ ముందు గుమ్మరించాడు.

"నీళ్ళు నిండా ఉన్నాయండీ. ఇదిగో, మీ బోరు పెట్టిన సున్నం ఇది."

భవానీప్రసాద్ ఒక పెచ్చు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"సరేలే, అయిందేదో అయింది. జీతం కొయ్యనులే పో. రేపట్నుంచి బండిక్కూడా ఫిల్టరు నీళ్ళే పొయ్యి."

"నేనడిగేది జీతం కాదండీ. ఆ రోజు ఇక్కడ నన్నొక మాటన్నారు. అది వెనక్కి తీసుకోండి."

"ఏంటీ? నా కొట్లో కూర్చుని నీకు నేను సంజాయిషీ చెప్పాలా?"

చూశారా అన్యాయం! బండికి ఫిల్టరు నీళ్ళు దొరికాయి, మనిషికి ఒక్క మాట దొరకలేదు. ప్రేమదాసు తాళం తీసి ఆ సున్నం పెచ్చుల పక్కన పెట్టాడు. పదకొండేళ్ళ కొలువు వదులుకుని నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. స్టాండులో బల్ల మీద నాలుగు రోజులు కూర్చున్నాడు, ఒక్కరూ పనికి పిలవలేదు. పిలవరని తెలుసు.

అయిదో రోజు భవానీప్రసాద్ ఇంటిల్లిపాదీ ఖమ్మంలో పెళ్ళికి బయల్దేరారు. తొమ్మిదిమంది సిల్కు బట్టల్లో బండెక్కి కూర్చున్నారు. కొత్త డ్రైవరు తాళం తిప్పితే బండి దగ్గింది గాని లేవలేదు. ఇంకొకణ్ణి పిలిచారు. వాడు తిప్పితే దగ్గడం కూడా మానేసింది. ఆ బండిని లేపాలంటే తాళం సగం తిప్పి ఇరవై అంకెలు లెక్కపెట్టాలి. స్టీరింగు కింద ఊగే నల్లవైరుని ఎడమచేత్తో నొక్కిపట్టాలి. అప్పుడు క్లచ్చి తొక్కి పూర్తిగా తిప్పాలి. ఈ వైద్యం జగ్గయ్యపేట మొత్తంలో ఒక్కడికే తెలుసు.

భవానీప్రసాద్ చెమటలు కక్కుకుంటూ స్టాండుకొచ్చాడు. తాళం చాపాడు.

"ముహూర్తం దాటిపోతోంది, ప్రేమదాసూ. రావయ్యా."

ప్రేమదాసు బల్ల మీంచి లేవలేదు. "మాట, అయ్యగారూ," అన్నాడు.

డ్రైవర్లందరూ ఇటు తిరిగారు. భవానీప్రసాద్ గొంతు సవరించుకుని, నేల చూస్తూ గొణిగాడు. "నువ్వు నీళ్ళు చూసుకున్నావు. బోరు నీళ్ళు పోయించింది నేనే."

"ఇంకాస్త గట్టిగా అనండి. ఆ చివరున్న బుల్లిబాబుకి వినపడలా."

భవానీప్రసాద్ మొహం కందగడ్డయింది. తలెత్తి బుల్లిబాబు వైపు చూశాడు. "ప్రేమదాసు తప్పేం లేదు! బోరు నీళ్ళు పోయించి ఇంజను కాల్చింది నేను!"

ప్రేమదాసు తాళం అందుకున్నాడు. ఇంటి ముందు బండెక్కి ఇరవై లెక్కపెట్టి, వైరు నొక్కి తిప్పాడు. లేచింది. పక్కసీట్లో కూర్చున్న భవానీప్రసాద్ వైపు తిరక్కుండానే అడిగాడు.

"నా కేన్లు రెండూ ఎక్కడ పారేయించారండీ?"