వంగక్కర్లేని గుమ్మం

ఆ రోజుల్లో మా కోనసీమలో లేమిని దాచుకోవడం కూడా ఒక మర్యాదే. ఇంట్లో ఉన్నా లేకపోయినా వచ్చిన మనిషికి లోటు తెలియకూడదు. ఆ మర్యాదే ఒకసారి మాకు రాబోయే ఇంటికి ఎసరు పెట్టింది.

అల్లవరం దగ్గర ఓ ఊళ్ళో మామ్మా, నేనూ ఇద్దరమే తాటాకింట్లో ఉండేవాళ్ళం. నేను అప్పుడే అమలాపురంలో ఓ టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చిన్న ఉద్యోగంలో చేరాను. తుఫానుకి మా కప్పు చిల్లులు పడిపోయింది. పక్కా ఇల్లు లేనివాళ్ళకి ఇల్లు కట్టుకోవడానికి సర్కారు సాయం చేస్తుందన్నారు, మా పేరూ రాసుకున్నారు. ఇన్‌స్పెక్టరుగారు చూడ్డానికి వచ్చిన రోజు నేను ఇంట్లో లేను. మా గుమ్మం ఎంత పొట్టిదంటే మామ్మే నడుం వంచి దూరేది. అంత పెద్దమనిషిని వంగమని ఎలా అంటాం అనుకుని, ఆవిడ పక్క డాబా తాళం తీసింది. (ఆ ఇంటివాళ్ళు కువైట్‌లో ఉండేవారు. సాయంత్రం దీపం పెట్టమని తాళం మామ్మకిచ్చి వెళ్ళారు.) ఫ్యాను వేసి, కొబ్బరిబొండం కొట్టించి, పనసతొనలు పెట్టి మరీ సాగనంపింది. ఆయన తృప్తిగా తిని వెళ్ళి, వీళ్ళకి డాబా ఉందని రాసేశారు. సాయం రద్దయిపోయింది.

సోమవారం ఇద్దరం అమలాపురం ఆఫీసుకి బయల్దేరాం. టైపు లోయర్ పాసైనదాన్ని కదా, సర్కారుతో ఎలా మాట్లాడాలో నాకు తెలుసని నా నమ్మకం. బస్సులో దారంతా నేను నేర్పిన మాటల్లో ఒక్కటీ మామ్మ అక్కడ చెప్పలేదు.

“మీకు డాబా ఉందటగా మామ్మగారూ?” అన్నారు పెద్దాఫీసరుగారు.

“అది పక్కోళ్ళదండీ. మాది ఆ వెనకాల తాటాకిల్లండీ.”

“మరి మావాణ్ణి అక్కడెందుకు కూర్చోబెట్టేరు?”

“ఎండనపడి వచ్చేరు కదండీ పాపం! మా ఇంట్లో ఫ్యాను లేదండీ మరి.”

ఆయన నవ్వాపుకుని, గురువారం తానే వస్తానన్నారు. “ఈసారి మీ ఇంట్లోనే కూర్చుంటాను, సరేనా?”

“ఆయ్! అలాగేనండీ” అంది మామ్మ. ఆ ఉత్సాహం చూసి నా గుండెల్లో రాయి పడింది.

“మామ్మా, నీకు దణ్ణం పెడతాను, ఏమీ సర్దకు. కప్పు చిల్లులు కనబడితేనే మనకి ఇల్లు” అని బతిమాలాను. గురువారం సెలవు పెట్టి కాపలా కూడా ఉన్నాను. కానీ కాలవ రేవులో బట్టలుతుక్కొచ్చేలోగా కొంప మునిగింది. నేల అలికేసింది, ముగ్గేసేసింది. అంతటితో ఆగిందా? పెళ్ళినాటి పట్టుచీర (ఆవిడకున్నది అదొక్కటే) చిల్లులు కనబడకుండా కప్పు కింద చాందినీలా కట్టేసింది!

“ఇదేంటి మామ్మా!”

“ఆకాశం కనబడే ఇంట్లో ఆయన్నెలా కూర్చోబెట్టమంటావే?”

చీర విప్పుదామని బల్ల ఎక్కబోతుంటే వాకిట్లో జీపు ఆగింది.

ఆఫీసరుగారు బాగానే వంగారు, అయినా తల కొట్టుకుంది. మంచం మీద కూర్చుని పైకి చూసి, “ఇల్లు బాగానే ఉందే!” అన్నారు. నాకు ఏడుపొచ్చేసింది. సరిగ్గా అప్పుడే వాన అందుకుంది. చీరకి మెల్లగా బొజ్జ రావడం మొదలైంది. నేను చూస్తున్నాను, మామ్మ చూస్తోంది, బొండం తాగుతున్న ఆయనొక్కరే చూడలేదు. ముడి జారింది. నీళ్ళన్నీ ఒక్కసారిగా ఆయన నెత్తిన పడ్డాయి.

“అయ్యయ్యో! బొండంలో పడ్డాయేమోనండీ, ఇంకోటి కొట్టిస్తానుండండీ!” అంది మామ్మ.

పట్టుచీర భుజాల మీద వేసుకుని, పైన కనబడుతున్న మబ్బుని చూసి, ఆయన పగలబడి నవ్వారు. “ఇంకేం వద్దు మామ్మగారూ. మీ ఇల్లు చూసేశాను!”

అలా మా ఇల్లు మాకు తిరిగి మంజూరైంది. కట్టేటప్పుడు మామ్మ మేస్త్రిని అడిగింది ఒక్కటే. “గుమ్మం ఎత్తుగా పెట్టు నాయనా. వచ్చినోళ్ళు వంగకూడదు.” ఎత్తుగానే పెట్టాడు. చిత్రమేమిటంటే, బతికున్నన్నాళ్ళూ ఆవిడ మాత్రం ఆ గుమ్మంలోంచి వంగే వచ్చేది. నేను నవ్వితే, “అలవాటైపోయిందే అమ్మడూ” అని తనూ నవ్వేది.

ఇప్పుడు స్లాబు మీద వాన పడితే చప్పుడే తెలియదు. తాటాకు మీద ఆ వాన చప్పుడు కోసం, పక్కింటి తాళం బొడ్లో దోపుకుని తిరిగే ఆ మనిషి కోసం ప్రాణం కొట్టుకుంటుంది. మొన్న తడుస్తూ పరుగున ఇంట్లోకి వస్తుంటే మా అమ్మాయి ఒకటే నవ్వు. “అంత ఎత్తు గుమ్మానికి ఎందుకు వంగేవమ్మా?”

నిజమే, వంగాను. లోపల మామ్మ ఉన్నట్టే అనిపించింది.