మామయ్యగారి కుడి భుజం

వానలు వెనకబట్టి తెల్లవారుజామున మంచు దిగడం మొదలైతే చాలు, ఏటా నా నడుము పట్టేస్తుంది. కారణాలు వరసగా చెప్పగలను: తెనాలి నుంచి బాపట్ల దాకా రోజూ రైల్లో నిలబడటం, ఆఫీసు కుర్చీ, ఫ్యాను కింద నిద్ర. ఒక్కటీ మార్చుకోలేదు. నొప్పి ఉన్నచోట ఆనిస్తే టకటకా కొట్టే మసాజ్ మిషన్ ఒకటి కొన్నాను.

నిరుడు పెళ్లయిన తొలి దీపావళికి రేపల్లెలో అత్తారింటికి వెళ్తూ దాన్ని సంచి అడుగున దాచాను. కొత్త అల్లుడు నడుము పట్టుకుని తిరిగితే బాగుండదు. చేరిన రోజు మధ్యాహ్నం తలుపేసుకుని, దాన్ని నడుముకి ఆనించుకుని పడుకున్నాను.

మర్నాడు తెల్లవారకముందే తలంటు. అత్తయ్యగారు మాడున నూనె చుక్కలు పెట్టి లోపలికెళ్లారు. ఒళ్లంతా నూనె పట్టించడం బావమరిది పని. ఆ ఇంట్లో మగపిల్లలు లేరు. మామయ్యగారే పంచె ఎగ్గట్టి వచ్చారు.

"నేనే రాసుకుంటాలెండి మామయ్యగారూ."

"వీపు కూడానా? చేతులు అంత పొడుగని పెళ్లిచూపుల్లో చెప్పలేదేంటండీ!"

గోరువెచ్చటి నువ్వులనూనె. ఆయన బొటనవేలు నడుము దగ్గర ఆగగానే "అమ్మా" అన్నాను. దాచిందంతా బయటపడింది. ఆయన అక్కడే నొక్కి రుద్దారు. కాసేపటికి కుడిచెయ్యి తీసేసి ఎడమచేత్తో రుద్దడం మొదలుపెట్టారు. పిక్కల దగ్గరకొచ్చేసరికి కాళ్లు ముడుచుకున్నాను.

"పెళ్లిలో కడిగిన కాళ్లేగా బాబూ, చాపండి."

పెళ్లిలో మంత్రాలున్నాయి, పంతులుగారున్నారు. ఇక్కడ మేమిద్దరమే. తల ఎత్తలేకపోయాను.

ఆయన లేచి కొక్కేనికున్న తువ్వాలు అందుకోబోయారు. కుడిచెయ్యి భుజం దాకా కూడా లేవక ఆగిపోయింది. ఆయన టైలరు. పండగ బట్టలు ముందురోజు సాయంత్రం దాకా కుట్టారు.

"ఈ చలికి ఏటా ఉండేదే. ఎల్లుండికి చెయ్యి లేవాలి గానీ. కార్తీకం పెళ్లిళ్ల బట్టలు కత్తిరించాలి. అది ఇంకొకరికి ఇచ్చే పని కాదు."

స్నానం కాగానే మిషన్ తెచ్చాను.

"ఏంటి బాబూ అది? గోడకి బెజ్జం వేస్తారా?" అన్నారు అత్తయ్యగారు.

భుజానికని చెప్పాను. మామయ్యగారు మిషన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "చేత్తో అయితే వద్దండి, అల్లుడి చేత ఒళ్లు పట్టించుకున్నాడంటారు. మిషనైతే పర్లేదు." చొక్కా విప్పి, పీట మీద కూర్చుని, కళ్లు మూసుకున్నారు.

బటన్ నొక్కాను. రెండుసార్లు టకటకమని, ఎర్రలైటు వెలిగి ఆగిపోయింది.

"అయిపోయిందా?"

"ఛార్జింగ్ లేదండి. ఛార్జర్ తెనాల్లో ఉంది."

"నిన్న మధ్యాహ్నం మన గదిలో గంటసేపు మోగింది ఇదేనా?" అంది నా భార్య.

"పక్కింటివాళ్ల మిక్సీ అనుకున్నానే," అన్నారు అత్తయ్యగారు. ఇద్దరూ నవ్వారు. మామయ్యగారు కళ్లు తెరిచారు గానీ నా వైపు చూడలేదు.

"చేత్తోనే పడతానండి," అన్నాను.

"అబ్బెబ్బే, ఎంతమాట!"

లేచి కొత్తచొక్కా తీసుకున్నారు. ఆయన కుట్టుకున్నదే. ఎడమచెయ్యి దూరింది, కుడిచెయ్యి లేవలేదు. నేను వంగి, చొక్కా కుడిచేతిని కిందికి దించి పట్టుకున్నాను. దానికి వద్దనలేదు. అటు తిరిగి, పళ్లు బిగించి, కొద్దికొద్దిగా చెయ్యి దూర్చారు.

అంతసేపు వంగి ఉన్నా నా నడుము ఎక్కడా నొప్పెట్టలేదు.