ప్రవీణ ఒప్పుకున్న తప్పు

కడుపు కోయకుండా చిన్న రంధ్రాల గుండా చేసే ఆపరేషన్లు నేర్చుకుందామని డాక్టర్ ప్రవీణ నానక్‌రామ్‌గూడలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరింది. అప్పటికే సర్జరీలో ఎం.ఎస్. పూర్తయింది. అయినా సెలవు రోజున, హఫీజ్‌పేట్‌లోని అద్దె గదిలో, తోలు తీయని కోడి తొడని అట్టపెట్టెలో పెట్టి, లోపలి దృశ్యాన్ని ఫోన్ తెర మీద చూస్తూ కుట్లు వేసేది. కుదరకపోతే విప్పి మళ్లీ వేసేది.

ఆమెకు నేర్పింది పెద్ద సర్జన్ రామచంద్రం గారు. ఆపరేషన్ వీడియోని మర్నాడు ఆమె ముందే పెట్టేవారు. "ఇక్కడ నీ ఎడమ చేయి ఏం చేస్తోందమ్మా? నిద్రపోతోందా?" అనేవారు. రెండేళ్లు తిట్టాక, ఒకరోజు చివరిదాకా చూసి వీడియో ఆపేశారు. "ఇక నువ్వే చెయ్యి. నేను పక్క థియేటర్లో ఉంటాను. అనుమానం వస్తే కబురు చెయ్యి, వస్తాను."

మొదటి రెండు వారాల్లో ప్రవీణ ఆయన్ని నాలుగుసార్లు పిలిచింది. నాలుగోసారి ఆయన ఏమీ అనకుండా చూసి వెళ్లిపోయారు. ఆ మౌనం ఆమెకు గుచ్చుకుంది.

ఆ తర్వాతి మంగళవారం శ్రీలత అనే ఆవిడకు ఆపరేషన్. ముప్ఫై ఎనిమిదేళ్ల మనిషి, ఐటీ ఉద్యోగులుండే హాస్టల్లో వంట చేస్తుంది. పిత్తాశయంలో రాళ్లు, దాన్ని తీసేయాలి. లోపల వాపు వల్ల అన్నీ ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. ప్రవీణ ఒక నాళాన్ని విడదీసి, కోసే ముందు దాన్ని మూసే క్లిప్పు అడిగింది. పనిముట్లు అందించే హన్నా సిస్టర్‌ది ఆ థియేటర్లో ఇరవై రెండేళ్ల అనుభవం. క్లిప్పు చేతిలోనే పట్టుకుని తెర వైపు చూసింది.

"మేడమ్, జర ఆగున్రి. గిది పెద్ద గొట్టం లెక్క కనవడ్తుంది. సార్‌ను పిలుద్దమా?"

"అక్కర్లేదు సిస్టర్. నేను చూశాను."

హన్నా క్లిప్పు అందించింది. ప్రవీణ క్లిప్పులు వేసి నాళాన్ని కోసింది.

మూడో రోజు శ్రీలత కళ్లు పచ్చబడ్డాయి. స్కాన్ చూడగానే ప్రవీణకు విషయం తెలిసిపోయింది. తాను కోసింది పిత్తాశయం నాళాన్ని కాదు, కాలేయం నుంచి పేగుకు వెళ్లే ప్రధాన నాళాన్ని. నగరంలోనే కాలేయం కేసులు చూసే మరో సర్జన్ వచ్చి రెండో ఆపరేషన్ చేశాడు. ఆలోగానే లోపల చీము పట్టింది.

ఐసీయూ బయట రామచంద్రం గారు గొంతు తగ్గించి అన్నారు. "వాపు ఎక్కువుంది కాబట్టి ఇలా జరిగిందని చెబుదామమ్మా. వాపు ఉన్నమాట నిజమే."

"హన్నా సిస్టర్ ఆపమన్నారండి. నేను వినలేదు."

ఆయన శ్రీలత భర్త కూర్చున్న వైపు తిరిగారు. "పద, నేనూ వస్తాను. నిన్ను ఒక్కదాన్నే వదిలింది నేనే కదా," అన్నారు.

శ్రీలత భర్త సాయిచంద్ ఆఫీసు క్యాబ్ నడుపుతాడు. ప్రవీణ చెప్పిందంతా విన్నాడు.

"సిస్టర్ చెప్పింది గద, డాక్టరమ్మా. ఎందుకు ఇనలే?"

పెద్దాయన దగ్గర చులకనైపోతానని భయపడ్డానని ఆ మనిషితో ప్రవీణ ఎలా చెప్పగలదు?

పన్నెండో రోజు శ్రీలత చనిపోయింది. సాయిచంద్ ఫిర్యాదు చేశాడు, విచారణ మొదలైంది. ఆసుపత్రి వాళ్లు ఆరు నెలలపాటు ప్రవీణను ఆపరేషన్లు చేయనివ్వలేదు. తన కన్నా చిన్నవాళ్లు చేస్తుంటే పక్కన నిలబడి కెమెరా పట్టుకోవడమే ఆమె పని. క్యాంటీన్లో ఆమె కూర్చున్న బల్ల దగ్గరికి ఎవరూ వచ్చేవారు కాదు. ఒకరోజు రాజీనామా కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకుని వచ్చింది. బట్టలు మార్చుకునే గదిలో హన్నా ఎదురైంది.

"సిస్టర్, నేను ఈ పని మానేస్తున్నాను."

హన్నా బెంచీ మీద కూలబడింది. "నాకు గూడ నిద్ర పడ్తలేదు మేడమ్. మీరు అక్కర్లేదన్నరు, నేను ఊకున్న. క్లిప్పు ఇయ్యకుంటే అయిపోతుండె. నా చేతులతోనే ఇచ్చిన."

హన్నా ఏడ్చేసింది; ఇరవై రెండేళ్లలో ఆవిడ ఏడవడం ఎవరూ చూసి ఉండరు. ప్రవీణ ఆమె పక్కనే కూర్చుంది. ఆ కాగితం ఆ రోజు ఎవరికీ ఇవ్వలేదు.

మరుసటి వారం డాక్టర్లు, నర్సులు, టెక్నీషియన్లు అందరి ముందూ ప్రవీణ ఆ ఆపరేషన్ వీడియో వేసింది. ఎక్కడ ఆగాల్సిందో తానే వేలు పెట్టి చూపించింది. అప్పటి నుంచి ఆ థియేటర్లో ఒక నియమం పెట్టారు. ఎవరు అనుమానపడినా, ఇంకో సర్జన్ వచ్చి చూసేదాకా క్లిప్పు చేతికి ఇవ్వరు. నర్సుకు ఆ హక్కు ఉందని కాగితం మీద రాసి సంతకాలు చేశారు. శ్రీలతకు మాత్రం దానితో ఒరిగిందేమీ లేదు.

ప్రవీణ మళ్లీ ఆపరేషన్లు మొదలుపెట్టి రెండు నెలలైంది. రోగులు బాగానే ఇళ్లకు వెళుతున్నారు. విచారణ ఇంకా సాగుతోంది. వచ్చే గురువారం వాయిదాకు సెలవు పెట్టింది. లాయరు తక్కువ మాట్లాడమన్నాడు. అడిగినదానికల్లా, సిస్టర్ మాట ఎందుకు వినలేదన్నదానికి కూడా, ఉన్నదున్నట్టు చెబుతానంది. ఎదుటి కుర్చీలో సాయిచంద్ ఉంటాడు.