తుపాకీ పిన్ని కొలిచిన తప్పు

మార్చి 9, ఆదివారం, ఉదయం 7 గంటల 42 నిమిషాలు. వంద మీటర్ల పరుగు మొదలైందో లేదో, ఆగమంటూ తుపాకీ రెండోసారి మోగింది. ఎనిమిది మంది అమ్మాయిలూ ఆగిపోయారు. స్టార్టరు ఎర్ర కార్డుతో నడిచి వచ్చి ఐదో లేనులోని అమ్మాయి ముందు దాన్ని ఎత్తి చూపింది. పాదాల వెనక బ్లాకులకు అమర్చిన యంత్రం చూపిన అంకె 0.061. తుపాకీ పేలాక సెకనులో పదో వంతు గడవకముందే కాలు కదిలితే పోటీ నుంచి తప్పించాలి. చెవి విని కాలికి చెప్పడానికి ఆ మాత్రం సమయం పట్టక తప్పదని నియమం రాసినవారి లెక్క.

ఆ స్టార్టరును మైదానంలో పిన్నలూ పెద్దలూ తుపాకీ పిన్ని అనే పిలుస్తారు. వయసు యాభై ఎనిమిది. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఒక బడిలో భౌతికశాస్త్ర ప్రయోగశాల సహాయకురాలు. పదహారేళ్ళుగా ఆదివారాల్లో ఈ తుపాకీ. "గడియారం తప్పినా పిన్ని తప్పదు" అన్న మాట పుట్టి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. ఆ మాట వినపడినప్పుడల్లా ఆమె విననట్టు తల తిప్పుకునేది. లోపల మాత్రం దాచుకునేది.

ఐదో లేను అమ్మాయి ఏడవలేదు. ఎదురుగా వచ్చి నిలబడి, పిన్ని భుజం వైపు చూస్తూ అంది: "ఈసారి ఆలస్యంగా పేల్చారు. తప్పు మీది."

"ఆడలేక మద్దెల ఓడు అంటే ఇదే!" అని క్లబ్బు కార్యదర్శి నవ్వాడు. ఇద్దరు ముగ్గురు తోడు నవ్వారు.

బస్సుల మెకానిక్కయిన ఆ అమ్మాయి అన్నయ్య గట్టు దిగి పరుగున వచ్చాడు. "మన్నించండి పిన్నిగారూ. దానికి మనసులో ఒకటి, నోట్లో ఒకటి ఉండదు. ఆటిజం అన్నారు డాక్టరు. ఫారంలో రాయలేదు. రాస్తే తీసుకోరేమోనని."

అమ్మాయి చెవుల్లోంచి రెండు స్పాంజి బిరడాలు తీసి అరచేతిలో చూపింది. "తుపాకీ గుచ్చుకుంటుంది. అందుకని వినను. పక్కవాళ్ళ నడుములు లేవగానే లెక్కపెడతాను. నాలుగుకు మీరు పేలుస్తారు. నాలుగు అయిపోయాక లేస్తాను."

"ఎన్నాళ్ళుగా?"

"రెండేళ్ళ నాలుగు నెలలు."

ఈ సీజనులో ఆ అమ్మాయికి అది రెండో కార్డు. మూడోది పడితే ఏడాదిపాటు మైదానంలోకి రానివ్వరు. "ఆసుపత్రిలో దుప్పట్లు మడతపెడుతుంది పిన్నిగారూ. పని నుంచి నేరుగా ఇక్కడికే వస్తుంది," అన్నాడు అన్నయ్య. "పరుగు లేని రోజున ముద్ద ముట్టదు. ఏడాదంటే..." వాక్యం పూర్తి చేయలేదు.

మరునాడు బడి వదిలాక పిన్ని ప్రయోగశాలలో కూర్చుని, పాత పోటీల వీడియోలలోని శబ్దాన్ని కంప్యూటరులో గీతలుగా పరిచింది. ముప్పై ఒక్క ఆరంభాలు. నడుములు లేపి సిద్ధం కమ్మనే "సెట్" అన్న మాటకూ తుపాకీకీ మధ్య వ్యవధి ముప్పై సార్లు 1.80 సెకన్లు, తేడా ఎప్పుడూ 0.03 దాటలేదు. ఆదివారం నాటిది ఒక్కటే 1.86. ఆ ఉదయం గొంతు గరగరలాడి, ఒకసారి గుటక వేసిన సంగతి ఆమెకు గుర్తొచ్చింది.

స్టార్టరు చెయ్యి ఎవరి అంచనాకూ అందకూడదు. అది ఈ పనిలో మొదటి పాఠం. పదహారేళ్ళుగా నిలకడ అనుకున్నది లోపమని కనిపెట్టినది ఒక్కరే. ఎర్ర కార్డు ఆ అమ్మాయికే పడింది.

విషయం విని భర్త అన్నాడు: "ముప్పై రెండేళ్ళ కాపురంలో నీ తప్పు నువ్వే ఒప్పుకోవడం ఇదే మొదలు. తేదీ రాసుకోనా?"

"రాసుకోండి. కొలతలు కూడా ఇస్తాను."

ఇక వ్యవధి మార్చక తప్పదు. మారిస్తే, విననిదాన్ని లెక్కతో పట్టుకునే ఆ అమ్మాయికి మూడో కార్డూ తప్పదు. మర్నాడు ఆమె ముప్పై ఒక్క అంకెల కాగితాన్నీ, తన స్టార్టరు బ్యాడ్జినీ కార్యదర్శి బల్ల మీద పెట్టి, తుపాకీతో పాటే వెలిగే దీపం ప్రతి లేనులోనూ పెట్టనివ్వమని అడిగింది.

"ఒక్క పిల్ల కోసం ఎనిమిది లేన్లకూ దీపాలా పిన్నీ?"

"తుపాకీ నా చేతిలో, మొదటి లేను పక్కన ఉంటుంది బాబూ. శబ్దం ఎనిమిదో లేనుకు చేరేసరికి సెకనులో నలభయ్యో వంతు ఆలస్యం. దీపానికి ఆ తేడా లేదు. ఇన్నాళ్ళూ ఎనిమిదో లేనువాళ్ళు అడగలేదు, అంతే."

అతడు కాగితంలోని అంకెలు చదివాడు. "ఇది పైకి పంపితే ఈ సీజనుతో మీ తుపాకీ పోతుంది."

"పంపు."

ప్రతి బ్లాకు ముందూ ఒక దీపం, ఎనిమిదింటినీ తుపాకీ మీటకు కలిపే తీగ: ఆమే అమర్చింది. నాలుగు సాయంత్రాలు ఆ అమ్మాయితో సాధన చేయించింది. మొదటి రోజే తొమ్మిదింట ఏడు తప్పులు.

"నాలుగును మరిచిపో తల్లీ."

"మరవడం నాకు రాదు."

"సరే, మరవకు. నాలుగు దగ్గర ఆగకు. ఐదు, ఆరు, ఎంతైనా సరే. దీపం వెలిగేదాకా లెక్కపెడుతూనే ఉండు."

"అది వచ్చు," అంది అమ్మాయి.

మార్చి 23, ఆదివారం. ప్రతి పరుగుకూ ముందు పిన్ని జేబులోని పాచికను అరచేతిలో దొర్లించింది. పడిన సంఖ్యను బట్టి వ్యవధి. వంద మీటర్ల పరుగుకు ఆరు పడింది. అంటే 2.3 సెకన్లు, అన్నింటిలోకీ పొడవైనది. గట్టు మీద అన్నయ్య రెండు చేతులతో ఇనుప కమ్మీ పట్టుకున్నాడు.

"సెట్."

నడుములు లేచాయి. ఐదో లేనులో పెదవులు కదులుతున్నాయి. మూడు. నాలుగు. పిన్ని వేలు బిగుసుకుంది కాని మీట నొక్కలేదు. ఆ భుజాలు కదలలేదు. ఐదు.

దీపాలు వెలిగాయి. ఎవరినీ వెనక్కి పిలిచే రెండో తుపాకీ మోగలేదు. పరుగు ముగిశాక పిన్ని యంత్రంలోంచి చీటీ చించి, ఐదో లేను వరుస దగ్గర వేలు పెట్టింది.

0.163.