రవళి వేలికి కదిలిన లారీ

మా పాశమైలారంలో రవళి ఒక్క వేలితో సరుకు లారీని కదిలించింది. నమ్మకపోతే గేటు దగ్గర వాచ్‌మన్‌ను అడగండి, ఆ ఊపుకి అతని టోపీ ఎగిరిపోయి ఎక్కడో దూరాన హత్నూర ఊళ్ళో పడింది.

రవళి మా రంగుల ఫ్యాక్టరీలో సరుకు పంపే సెక్షన్ క్లర్కు. దసరా మరునాడు నిండు లారీ గేటు దగ్గర ఆగి ఉంది. టెస్ట్ రిపోర్టు సాయంత్రంలోగా మెయిల్‌లో రాకపోతే ఆర్డరు రద్దని కొనేవాళ్ళు చెప్పేశారు. రిపోర్టేమో ఔట్‌బాక్స్‌లో ఇరుక్కుంది.

"ఏం చేసినవమ్మా నువ్వు?" అని మేనేజర్ ఆమె మీదికే వచ్చాడు.

"ఇంకోసారి సెండ్ కొట్టు చెల్లె," అన్నాడు స్టోర్స్ బాలరాజ్. కొట్టినకొద్దీ ఇరుక్కున్న మెయిళ్ళు పెరిగాయి తప్ప ఒక్కటీ కదల్లేదు.

రవళి ఔట్‌బాక్స్ తెరిచింది. అన్నిటికన్నా ముందు, పొద్దున అదే కంప్యూటర్ నుంచి బాలరాజ్ పంపిన ఆయుధపూజ వీడియో కూర్చుంది. ఫోర్క్‌లిఫ్ట్‌కు బంతిపూల దండ, పగిలిన గుమ్మడికాయ, ఆయన డాన్సు, అన్నీ అందులోనే. అంత బరువు పోదు, వెనకవాటిని పోనివ్వదు.

"నీ డాన్సే అడ్డం పడ్డది బాలరాజన్నా!"

"మంచిగొచ్చిందే, అందరు సూస్తరని..."

ఆమె మెయిల్‌ను ఆఫ్‌లైన్‌లో పెట్టి, మూసి తెరిచి, వీడియోను తీసేసి, ఒక్క వేలితో నొక్కి మళ్ళీ ఆన్‌లైన్ చేసింది. రిపోర్టు రివ్వున పోయింది. కాసేపటికి కొనేవాళ్ళు అందిందన్నారు. గేటు దాటిన లారీ హారన్‌కు ఫ్యాక్టరీ అంతా ఈలలేసింది.

ఈ కథంతా రవళికి చదివి వినిపించాను.

"లారీని నేను ముట్టనే లేదన్నా. దాన్ని డ్రైవర్ తోలిండు."