పన్నెలో దూరే ముడి

పరమేశ్వర్ వేళ్లు ఊరికే ఉండలేవు. వలస వచ్చి ఇరవై రెండేళ్లు గోడాదరాలో పవర్‌లూమ్ మీద బతికినవాడు. పోగు తెగిందంటే కళ్లు చూసేలోపే వేళ్లు వెళ్లి అతికేస్తాయి. ఆ ముడి నేర్పింది లస్మయ్య. సిరిసిల్ల నుంచి వచ్చిన కొత్తలో తన మగ్గం పక్కన నిలబెట్టుకుని, పోగులు దూరే దువ్వెనలాంటి పన్నెను చూపిస్తూ, "పన్నె పండ్ల సందుల నుంచి జారిపోవాలె, గుడ్డల కనవడొద్దు. గప్పుడే గది ముడి," అని మొట్టికాయలు వేసి మరీ నేర్పాడు.

కరోనా వచ్చిన ఏడాది మగ్గాలు ఆగాయి. మళ్లీ తిరిగినా సగమే తిరిగాయి; పరమేశ్వర్ మగ్గాన్ని సేఠ్ పాత ఇనుము కింద అమ్మేశాడు. కూరగాయల బండి, వాచ్‌మన్ పని, ఏదీ నిలవలేదు. చివరికి కతర్‌గామ్ వైపు తాపీ నది రేవులో పడవల యజమాని ఠాకోర్‌భాయ్ దగ్గర మోటారు పడవ నడపడం నేర్చుకోవడానికి కుదిరాడు. నలభై ఆరేళ్ల వయసులో, ఈత కూడా సరిగా రాని మనిషి! నవ్వేవాళ్లు నవ్వారు. ఈ పని దొరక్కపోతే మాత్రం భార్య భాగీరథిని తీసుకుని ఊరు పోవాలి. అక్కడా మగ్గం లేదు.

పడవను తిప్పడం మూడు రకాలని రేవులోనే తెలిసింది. చిన్న పడవకు ఇంజను మీదే పిడి ఉంటుంది. దాన్ని ఎడమకు నెడితే పడవ ముక్కు కుడికి పోతుంది. ఈ తిరకాసు తలకెక్కేలోపు రేవు మెట్లను రెండుసార్లు గుద్దాడు. రెండో పడవకు కారుకున్నట్టు ముందు చక్రం. దాని నుంచి రెండు పక్కలా తాళ్లు కప్పీల మీదుగా వెనక్కి పోయి ఇంజనును అటూ ఇటూ లాగుతాయి. మూడోది పక్క రేవులో ఉన్న పెద్ద పడవ. అందులో తాళ్లుండవు, గొట్టాల్లో నూనె తోసిన తోపుకే ఇంజను తిరుగుతుంది. చక్రాన్ని ఒక్క వేలితో తిప్పొచ్చట. దాన్ని దూరం నుంచి చూడడమే.

కరోనా రెండో ఏడాది ఏప్రిల్‌లో లస్మయ్య ఆసుపత్రిలో పడితే, పరమేశ్వర్ ఇదంతా ఆయనకు ఫోన్‌లో చెప్పాడు. ఆయాసంలోనే నవ్వాడు ముసలాయన.

"నూనె గీనె మనకెందుకురా? తాడున్నదే పట్టు. మనకు తాళ్లు తెల్సు."

మూడో రోజుకు లస్మయ్య లేడు. ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు; భార్య వెంకటవ్వ చేతికి అస్థికల కుండ ఒక్కటే వచ్చింది.

"నడిమి నీళ్లల్ల కలుపు బిడ్డా," అందామె. "ఒడ్డుకు గా గుర్రపుడెక్కల వద్దు. ఆఖరుకు మొకం గూడ సూడనియ్యకపాయిరి."

"నేనే తీస్కపోత అత్తా," అన్నాడు పరమేశ్వర్.

ఠాకోర్‌భాయ్ ఒప్పుకున్నాడు. "యే ఫేరా తూ అకేలా లే జా. బరాబర్ హువా తో సోమవార్ సే పక్కా." ఈ ఒక్క ట్రిప్పు ఒంటరిగా సరిగ్గా నడిపితే సోమవారం నుంచి డ్రైవరన్నమాట.

ఆ ఉదయం ముందుగా వచ్చి చూస్తే చక్రం పడవ కుడి పక్క తాడు తెగి ఉంది. తాడు తెగితే కొత్తది వేయాలి, ముడి మాత్రం వద్దని ఠాకోర్‌భాయ్ మొదటి రోజే చెప్పాడు. దుకాణాలన్నీ మూత. అసలు ఆ మాట గుర్తొచ్చేలోపే పరమేశ్వర్ వేళ్లు పని ముగించేశాయి. ముడి ముద్దుగా వచ్చింది. చక్రాన్ని కొంచెం అటూ ఇటూ తిప్పి చూశాడు, ఇంజను కదిలింది. ఫేరా ఆపేస్తాడన్న భయంతో ఠాకోర్‌భాయ్‌కి చెప్పలేదు.

వెంకటవ్వ కుండను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. రేవు దాటాక గుర్రపుడెక్క మధ్య సన్నటి దారి, దాని చివర ఒకే ఒక్క మలుపు. అది తిరిగితే నడి నీళ్లే. పరమేశ్వర్ చక్రాన్ని పూర్తిగా తిప్పాడు. వెనక కటుక్కుమంది. ముడి వెళ్లి కప్పీలో ఇరుక్కుంది. పోగుకు కంటికి కనపడని ముడి, వేలంత తాడుకు బొప్పి కడుతుందని అప్పటిదాకా తట్టనేలేదు మహానుభావుడికి. చక్రం ఇటూ రాదు, అటూ పోదు. ఇంజను ఆపేలోపే పడవ సర్రున గుర్రపుడెక్కలోకి దూసుకుపోయి ఆగింది. ఆ కుదుపుకు కుండ ఎగిరిపడి ఆకుల మీద పగిలింది.

వెంకటవ్వ అంచు మీదుగా వంగి, బూడిద పడిన ఆకులను ఒక్కొక్కటే నీళ్లలోకి అదమసాగింది. అదిమినది అదిమినట్టే పైకి తేలుతోంది.

రేవు నుంచి చూసి ఠాకోర్‌భాయ్ పిడి పడవ వేసుకుని వచ్చాడు. ముడిని చూశాడు, కత్తి తీసి రెండు వైపులా తాడు కోశాడు. "కల్ సే మత్ ఆనా," రేపటి నుంచి రావద్దన్నాడు మెల్లగా. తిట్టి ఉంటే బాగుండేది.

కోసిన ముక్క వెంకటవ్వ కాళ్ల దగ్గర పడింది. ఆమె దాన్ని తడిచేత్తో తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మా ముసలాయన ముడే గద ఇది? ఎంత ముద్దుగ ఏసినవ్ బిడ్డా, జర్రంత గూడ ఊడలే."

లస్మయ్య పోయిన రోజు రాని ఏడుపు పరమేశ్వర్‌కు అప్పుడొచ్చింది. పడవను గుర్రపుడెక్కలోకి తోసింది ఆ ముడేనని ఆమెకు చెప్పలేకపోయాడు. ఆమె ఆ ముక్కను కొంగున కట్టుకుంది.